ఇంటి రాబడిలోనే పండుగ: డబ్బుతోపాటు శ్రమనూ పద్దు రాసుకున్న నా అనుభవం

అప్పు చేయకుండా, పండుగ వెళ్ళాక తీర్చవలసిన వాయిదాలేవీ మిగలకుండా, పూర్తిగా ఇంటి రాబడిలోంచే పండుగ జరుపుకోవాలని మా ఇంట్లో అందరం కలిసి నిశ్చయించుకొని, ఏడాది పొడవునా ఆ ప్రకారమే నడుచుకున్నాం. అబ్బాయి పైచదువుకు కట్టవలసిన ఫీజూ పండుగ ఖర్చూ ఒకే కాలంలో వచ్చి పడుతున్నాయి కాబట్టి ఈ నిశ్చయం అవసరమైంది. అయితే పండుగ కళ తగ్గకూడదన్న పట్టుదల కూడా మాకు అంతే బలంగా ఉంది. పండుగ ఖర్చు తగ్గించుకోవడమంటే చౌక సరుకు వెతుక్కోవడమేనని నాకు తెలిసిన చాలామంది అనుకుంటారు గానీ, మా లెక్కల్లో ధరల తేడా వల్ల మిగిలింది కొంచెమే. కొనుగోళ్ళ గురించిన నిర్ణయాలను ముందుగా తీసుకోవడం వల్లా, ఇంటి పనిని డబ్బుతో సమానంగా పద్దులోకి ఎక్కించడం వల్లా మిగిలినదే ఎక్కువ. ఈ రెండో సంగతి గురించి బడ్జెట్ సలహాలు ఇచ్చేవారు దాదాపుగా మాట్లాడరు కాబట్టే ఇది రాయాలనిపించింది.

మొదటి పనిగా అంతకుముందు పండుగ ఖర్చును బయటికి తీశాం. బ్యాంకు ఖాతా వివరాలు, ఫోను ద్వారా చేసిన చెల్లింపులు, దాచి ఉంచిన బిల్లులు ముందు పెట్టుకొని, మావారూ నేనూ కూర్చుని ప్రతి ఖర్చునూ దాని తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాశాం. బట్టలకు ఇంత, బహుమతులకు ఇంత, వంటకు ఇంత అని పద్దుల వారీగా మాత్రమే రాసి ఉంటే మాకు కొత్తగా తెలిసేది పెద్దగా ఉండేది కాదు. తేదీల వారీగా రాయడంతో అసలు సంగతి బయటపడింది: మొత్తం ఖర్చులో దాదాపు మూడో వంతు పండుగకు ముందు చివరి మూడు నాలుగు రోజుల్లోనే జరిగింది. అందులో ఏ ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు. ఇంట్లో ఉన్నదో లేదో చూసే తీరిక లేక మళ్ళీ కొన్న వస్తువులు, త్వరగా చేరవేసినందుకు కట్టిన అదనపు రుసుములు, ఒక్క వస్తువు కోసం చేసిన ఆటో ప్రయాణాలు, వండే ఓపిక ఎవరికీ లేక బయటినుంచి తెప్పించుకున్న భోజనాలు, ఇలాంటివన్నీ కలిసి అంత పెరిగాయి.

గడచిన లెక్క ఆధారంగానే కొత్త అంచనా వేయాలని అప్పుడే అనుకున్నాం. ఒక పనికి ఎంత కాలం పడుతుందో, ఎంత ఖర్చవుతుందో ఊహించేటప్పుడు మనిషి అంతా సవ్యంగా సాగిపోయినట్టు తలుచుకుంటాడే గానీ, అలాంటి పని ఇంతకుముందు నిజంగా ఎలా జరిగిందో చూసుకోడని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే వివరించారు. ఇళ్ళలో వేసుకునే పండుగ అంచనాలకు ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది. కిందటిసారి నిజంగా ఖర్చయిన మొత్తం కళ్ళముందు ఉంటే, ఈసారి దానిలో సగంతో సరిపెట్టుకుంటామన్న ఆశ పెట్టుకోవడం కూడా కష్టమే. మేము ఆరింట ఒక వంతు తగ్గించుకుంటే చాలనుకున్నాం. తగ్గింపు చిన్నదిగా ఉండడం వల్లనే దానిని చివరిదాకా నిలబెట్టుకోగలిగామని నా నమ్మకం.

ఆ తరువాత ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. ఏది లేకపోతే మీకు పండుగ పండుగలా అనిపించదో ఒక్కొక్కరు రెండేసి విషయాలు కాగితం మీద రాయండని అందరికీ చెప్పాను. డబ్బు మాట ఎత్తకముందే ఈ ప్రశ్న అడగడం చాలా ముఖ్యం. ఎందుకంటే డబ్బు మాట ముందు వస్తే పిల్లలు తమకు ఏది దక్కకుండా పోతుందోనన్న భయంతో జవాబు చెబుతారు. అబ్బాయి తన బాబాయి పిల్లలతో రాత్రి పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకోవడం గురించి రాశాడు. అమ్మాయి కొత్త బట్టలతోపాటు, ఇంటి అలంకరణ అంతా తన చేతికే వదిలిపెట్టాలని రాసింది. మా అత్తగారు ఇల్లంతా ముందురోజుకే శుభ్రమై ఉండాలనీ, దూరాన ఉన్న తన చెల్లెళ్ళను ఒక్కపూటకైనా పిలవాలనీ చెప్పారు. మావారు పండుగ ముందు ఆదివారాలన్నీ అంగళ్ళ చుట్టూ తిరగకుండా ఉంటే చాలన్నారు. అందరూ తింటున్నప్పుడు వంటింట్లో నిలబడకుండా, అందరితో కలిసి ఒకే బంతిలో కూర్చుని తినాలని నేను రాశాను. ఆ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు పెడుతున్న రెండు పద్దులు, అంటే పెద్దవాళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకునే బహుమతులూ, లెక్కకు మించిన వంటకాలూ, ఎవరి కాగితంలోనూ లేవు.

ఆ రోజే మొత్తం ఖరారు చేశాం. ముందు వస్తువుల జాబితా రాసి దానికి డబ్బు కూడగట్టడం కాకుండా, ముందు డబ్బు ఎంతో తేల్చి దానిలోకి జాబితాను సర్దాం. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాచుకోవాలని పెద్దలు చెప్పిన మాటను ఆచరణలో పెట్టడానికి ఈ వరుస తప్ప మరో దారి లేదు. మొత్తంలో పదో వంతును ఏ పద్దుకూ కేటాయించకుండా, 'అనుకోనివి' అన్న శీర్షిక కింద పక్కన ఉంచాం. జపాన్‌లో హానీ మోతోకో అనే పాత్రికేయురాలు గృహిణుల కోసం 1904లో రూపొందించిన కకేబో అనే ఇంటి పద్దుల పద్ధతిని నేడు పాటించేవారు అనుకోని ఖర్చులను ఒక ప్రత్యేక వర్గంగా రాస్తారని చదివినప్పటినుంచీ ఆ ఆలోచన నా మనసులో ఉంది. అనుకోనిది రాకుండా ఏ పండుగా గడవదు. దానికొక పేరూ ఒక చోటూ ఉంటే అది వచ్చినప్పుడు మిగతా పద్దులు చెదిరిపోవు.

పద్దు పుస్తకంలో ప్రతి వరుసకూ డబ్బు గడి పక్కనే మరో గడి గీశాను. అందులో ఆ పని ఎవరు చేయాలో, దానికి ఎంత పొద్దు పడుతుందో రాశాం. ఇంట్లో పండుగ చేసుకుంటే ఖర్చు తగ్గుతుందని అందరూ అంటారు. తగ్గిన ఆ ఖర్చు చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ నడుం నొప్పిగా మారుతుందని మాత్రం ఎవరూ అనరు. బయట కొనే వంటకాన్ని ఇంట్లో చేస్తే డబ్బు మిగులుతుంది నిజమే, కానీ అందుకు మూడు గంటలు పొయ్యి దగ్గర నిలబడేది ఒక్కరే అయితే దానిని ఇంటి పొదుపుగా లెక్కవేయడం న్యాయం కాదు. రెండో గడి నింపుతున్నప్పుడు దాదాపు అన్ని వరుసల్లోనూ నా పేరో మా అత్తగారి పేరో వస్తూ ఉండడం అందరికీ కనబడింది. నేను వాదించనక్కర లేకుండానే మావారు గది గదీ దులిపే పని, సరుకులు తెచ్చి సర్దే పని తన పేరు మీద రాసుకున్నారు. అబ్బాయి గిన్నెలు కడగడం, వచ్చినవాళ్ళకు పడకలు సిద్ధం చేయడం తీసుకున్నాడు. ఎవరూ తీసుకోవడానికి ముందుకు రాని పనులు ఇంకా కొన్ని మిగిలితే, వాటిలో సగం పనులను పండుగ నుంచే తీసేశాం. మిగతా సగానికి డబ్బు పెట్టి సహాయం కుదుర్చుకున్నాం. ఆ కూలి మా బడ్జెట్‌లో అన్నిటికన్నా సార్థకమైన ఖర్చని నేను ఇప్పటికీ అంటాను.

డబ్బు కూడబెట్టడానికి విడిగా ఒక ఖాతా పెట్టుకొని, జీతం పడిన మర్నాడే ఒక నిర్ణీత మొత్తం అందులోకి దానంతట అదే వెళ్ళేలా ఏర్పాటు చేశాం. ఇది కొత్త పద్ధతేమీ కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ పట్టణపు బ్యాంకు ఒకటి 1909లో క్రిస్మస్ పొదుపు ఖాతాలను మొదలుపెట్టింది. ఖాతాదారులు ఏడాది పొడవునా చిన్న చిన్న మొత్తాలు కట్టుకుంటూ వచ్చి పండుగకు ముందు మొత్తం ఒకేసారి తీసుకునేవారు. వడ్డీ ఎంత వస్తుందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పండుగ డబ్బు రోజువారీ డబ్బుతో కలవకుండా ఉండడమే దాని ఫలితం. డబ్బుకు ఒక పేరు పెట్టి వేరుగా ఉంచితే మనిషి దానిని మరో పనికి వాడడానికి వెనుకాడతాడన్న సంగతిని అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన రిచర్డ్ థేలర్ విస్తారంగా పరిశీలించారు. ఏడాది మధ్యలో ఇంట్లో వేరే అవసరాలు వచ్చినా ఆ ఖాతా జోలికి మేమెవరమూ పోలేదు.

అన్నిటికన్నా కష్టమైనది బహుమతుల విషయం, ఎందుకంటే అది మా ఒక్క ఇంటి నిర్ణయం కాదు. మావారి అక్కగారి కుటుంబం, తమ్ముడి కుటుంబం, మేము, మూడు ఇళ్ళవాళ్ళం ఒకరికొకరు ఏటా బహుమతులు ఇచ్చుకుంటాం; పెద్దవాళ్ళ సంఖ్యను బట్టి లెక్కిస్తే అది ప్రతి ఇంటికీ భారమే. అయినా ముందుగా ఎవరు నోరు విప్పితే వారే ఇవ్వలేని స్థితిలో ఉన్నట్టు కనబడతారన్న బిడియం అందరిలోనూ ఉంటుంది. నేను పండుగకు చాలా నెలల ముందే వదినగారికి ఫోను చేసి, "వదినా, ఈసారి పిల్లలందరికీ మామూలుగానే ఇద్దాం, పెద్దవాళ్ళం మాత్రం చీటీలు వేసుకొని ఒక్కొక్కరం ఒక్కరికే ఇచ్చుకుందామా? ఎంత పెట్టాలో కూడా ఒక మాట అనుకుందాం" అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "నువ్వు అడిగావు కాబట్టి సరిపోయింది గానీ, నేనే అడగాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను" అన్నారు. ముందు నోరు విప్పడానికి వెనుకాడే వారికి నేను చెప్పగలిగింది ఇదే: చాలా నెలల ముందు అడిగితే అది ఆలోచనలా వినిపిస్తుంది, పండుగ వారంలో అడిగితే ఇబ్బందిలా వినిపిస్తుంది.

బహుమతుల గురించి జోయల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. అందుకున్నవారు తమ బహుమతికి కట్టే విలువ, దాని మీద పెట్టిన ఖర్చు కన్నా పదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువగా ఉంటుందనీ, స్నేహితులు ఇచ్చిన వాటికన్నా దూరంగా ఉండే పెద్ద బంధువులు ఇచ్చిన వాటిలో ఈ తరుగు ఎక్కువనీ ఆయన తేల్చారు. బహుమతిలోని ఆప్యాయతను ఈ లెక్క కొలవలేదు కాబట్టి ఇవ్వడమే మానేయాలన్న అర్థం నేను తీసుకోను. ఒక్కరికే ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆ ఒక్కరి గురించి నెలల తరబడి ఆలోచించే వీలు కలుగుతుంది. నాకు మా మరిది పేరు వచ్చింది. ఆయనకు చాలాకాలంగా పనికిరాకుండా పడి ఉన్న చేతిగడియారాన్ని మా తోడికోడలి ద్వారా తెప్పించి బాగుచేయించి ఇచ్చాను. కొత్తది కొని ఉంటే అంతకు ఎన్నో రెట్లు ఖర్చయ్యేది, ఆయనకు అంత ఆనందమూ కలిగేది కాదు.

బట్టల విషయంలో పెద్దగా చెప్పవలసింది లేదు. కొనడానికి ముందు అల్మారాలన్నీ ఖాళీ చేసి ఎవరికి ఏమున్నాయో చూసుకున్నాం. పిల్లలకు కొత్తవి కొన్నాం, పెద్దవాళ్ళం ఉన్నవాటిలో తక్కువ వాడినవి సరిచేయించుకున్నాం. ఎదిగే పిల్లలకు మాత్రం మరీ ముందుగా కొనకూడదు.

కొనుగోళ్ళలో ధరల గురించి రెండు మూడు లెక్కలు అమ్మాయికి నేర్పించాను, ఎందుకంటే తగ్గింపు ప్రకటనలు ఎక్కువగా ఆకర్షించేది ఆ వయసు పిల్లలనే. ముందు 50 శాతం, ఆపైన మరో 20 శాతం తగ్గింపు అంటే మొత్తం తగ్గింపు 60 శాతమే అవుతుంది గానీ 70 కాదు, ఎందుకంటే రెండో తగ్గింపు మిగిలిన సగం మీదే లెక్కకు వస్తుంది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు రెండూ అవసరమైతేనే అది సగం ధర. పొట్లాల మీద ఉన్న ధరను అలాగే పోల్చకుండా కిలోకు ఎంత, లీటరుకు ఎంత అని పోల్చితే పెద్ద పొట్లమే ఎప్పుడూ చౌక కాదన్న సంగతి తెలుస్తుంది. వడ్డీ లేని వాయిదాలన్న ప్రకటన కనబడినప్పుడు, ఒకేసారి చెల్లిస్తే వచ్చే తగ్గింపును వదులుకుంటున్నామా, ప్రాసెసింగ్ రుసుము ఉందా అని అడిగి తెలుసుకోవాలి. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తే ఏమవుతుందో అబ్బాయి చేతే లెక్క వేయించాను: నెలకు 3 శాతం చొప్పున చక్రవడ్డీ పడితే ఏడాది తిరిగేసరికి అది 42 శాతం దాటుతుంది. ఆ అంకె చూశాక కార్డు మీద వాయిదాలు వద్దన్న మా నిర్ణయానికి కారణం వాడికి మళ్ళీ చెప్పవలసిన పని రాలేదు.

వంటకాల జాబితాను వచ్చే మనుషుల సంఖ్యను బట్టి తయారుచేశాం. రకాలు పెరిగేకొద్దీ ప్రతి ఒక్కటీ కొంచెం కొంచెమే తింటారు. అయినా వండేటప్పుడు ప్రతి రకాన్నీ అందరికీ సరిపోయేంత వండుతారు. మిగిలిపోయేది ఆ తేడాలోంచే పుడుతుంది. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా వినియోగదారులకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో 19 శాతం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్ళలోనే జరిగింది. మేము రకాలను సగానికి తగ్గించి, వాటిలో రెండింటిని మిగతా రెండు ఇళ్ళవాళ్ళు వండి తెచ్చేలా మాట్లాడుకున్నాం. వదినగారి చేతివంట అంటే మా పిల్లలకు ప్రాణం కాబట్టి దీనిని పొదుపు కింద ఎవరూ తీసుకోలేదు. మిగిలినవి పారేయవలసిన అవసరం రాకుండా ఒక జాగ్రత్త కూడా తీసుకున్నాం: వండిన పదార్థాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదనీ, 5 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చల్లదనంలో భద్రపరచాలనీ, తినేముందు లోపలిదాకా బాగా కాగనివ్వాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే సూత్రాలను ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాం. భోజనాలు ముగియగానే డబ్బాల్లోకి సర్దే పనిని అమ్మాయి తీసుకుంది.

అలంకరణను మాట ప్రకారం పూర్తిగా అమ్మాయికే వదిలిపెట్టాం. ఒక చిన్న మొత్తం తన చేతికిచ్చి, ఎలా ఖర్చు పెట్టుకోవాలో తననే తేల్చుకోమన్నాం. తను ముందుగా అటక మీది పెట్టెలు దించి, ఉన్నవాటికి చిట్టా రాసుకొని, కావలసినవాటిలో ఎక్కువ భాగం ఇంట్లోనే ఉన్నాయని చూపించింది. పాత బల్బుల తోరణాల స్థానంలో మాత్రం ఎల్‌ఈడీ తోరణాలు కొంది. 100 వాట్ల దీపాలు 10 గంటలు వెలిగితే ఒక యూనిట్టు కరెంటు కాలుతుంది. దాదాపు అదే వెలుగుకు ఎల్‌ఈడీలు పాత బల్బుల కరెంటులో నాలుగో వంతు కూడా తీసుకోవని బడిలో చదువుకున్నది తను ఇక్కడ ఉపయోగించుకుంది. ఆ కొద్ది డబ్బులో కూడా మిగిల్చి, దానితో చిన్న పిల్లలకు రంగు కాగితాలు కొని, వాళ్ళ చేత కూడా అలంకరణలు చేయించింది.

పండుగ ముందురోజు మధ్యాహ్నానికే ఇల్లు సిద్ధమైంది. ఆ సాయంత్రం వంటింట్లోని మిక్సీ పాడైంది, దానికి తోడు చెప్పకుండానే మరో ఇద్దరు బంధువులు వచ్చారు. రెండు ఖర్చులూ 'అనుకోనివి' పద్దులోంచే తీసుకున్నాం, ఎవరి ముఖంలోనూ కంగారు కనబడలేదు. పండుగనాడు మొదటి బంతిలోనే నేను మా అత్తగారి పక్కన కూర్చుని భోజనం చేశాను. వడ్డన మావారూ మరిదీ చూసుకున్నారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో పండుగ భోజనం వేడిగా తినడం నాకు ఇదే మొదటిసారి.

పండుగ వెళ్ళిన వారంలోనే పద్దు ముగించాం, ఎందుకంటే ఆలస్యమైతే బిల్లులు పోతాయి, చిన్న ఖర్చులు మరుపున పడతాయి. అనుకున్న మొత్తం కన్నా కొంచెం తక్కువలోనే పండుగ ముగిసింది. చివరి రోజుల ఖర్చు మొత్తంలో పదో వంతుకు దిగింది. సరుకుల ధరల్లో బేరం వల్ల మిగిలినదాన్ని విడిగా కూడి చూస్తే, చివరి నిమిషపు కొనుగోళ్ళు తగ్గడం వల్ల మిగిలినదానిలో అది చిన్న భాగమే. శ్రమ గడిలో మాత్రం ఇంకా సమానత రాలేదు: ఎవరెవరిని పిలవాలో, ఎప్పుడు ఏది తెప్పించాలో గుర్తుపెట్టుకొని అందరికీ గుర్తుచేసే పని మొత్తం నా ఒక్కదాని మీదే పడింది, అది ఏ వరుసలోనూ రాసి లేదు. వచ్చే పండుగకు దానిని కూడా ఒక వరుసగా చేర్చి, మావారి పేరు మీద రాశాం. ఈసారి నిజంగా ఖర్చయిన మొత్తానికి పదో వంతు కలిపి, దానిని పన్నెండు నెలలకు పంచి, వచ్చే నెల నుంచి ఖాతాలో పడవలసిన కొత్త మొత్తాన్ని బ్యాంకులో మార్పించుకున్నాం.